చప్పుడు ఎప్పుడొస్తుందో ముందు రాసుకో

చి. కార్తీక్‌కు,

నీ 2004 బీఎండబ్ల్యూ ఎం3 ఇంజను గలగలమంటోందని, కనెక్టింగ్ రాడ్ కింది కొసనుండే బిగ్‌ఎండ్ బేరింగులు మార్పించేద్దామనుకుంటున్నానని రాశావు. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ ఆ చప్పుడు బేరింగులదేనని నీకెలా తెలిసిందో నువ్వు రాసినదాంట్లో ఎక్కడా లేదు. "కుడివైపు కింద నుంచి వస్తున్నట్టుంది" అన్న ఒక్క ముక్క తప్ప. ఇంజను చప్పుళ్ల విషయంలో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సిన సాక్ష్యం అదే. చప్పుడు ఎక్కడుందో చెప్పడంలో చెవి తరచూ మోసపోతుంది. ఎప్పుడు మొదలవుతుంది, దేనితో పెరుగుతుంది, ఏం చేస్తే ఆగుతుంది అన్న విషయాల్లో మోసపోదు. ముందు అవి రాసుకో. పానా ఆ తర్వాత పట్టుకోవచ్చు.

ఎందుకంటే, నీ బండిలోని ఎస్54 ఇంజను బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. శబ్దం లోహంలో గాలిలోకన్నా పది రెట్లకు పైగా వేగంగా పాకుతుంది. హెడ్‌లో పుట్టిన టకటక క్షణంలో అడుగునున్న ఆయిల్ సంపు దాకా దిగుతుంది. పల్చగా వెడల్పుగా ఉన్న భాగం ఏదైనా ఆ అదురును అందుకుని పెద్దది చేస్తుంది. పైగా కుడివైపంటే ఈ ఇంజనుకు ఎగ్జాస్టు వైపు. వేడి తగలకుండా బిగించిన రేకులన్నీ అక్కడే ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటిన బండిలో, అందులోనూ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీలో, ఆ రేకుల బోల్టుల చుట్టూ తుప్పు తినేసి ఉంటే ఆశ్చర్యం లేదు. సైలెన్సరు చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో ఒక్కో రేకునూ మెల్లగా తట్టి చూడు. ఇంజనులోంచి వస్తోందనుకున్న గలగల అక్కడే దొరికితే ఒక పెద్ద క్లిప్పుతో పని అయిపోతుంది.

ఇదే ఇంజనులో గలగలమనేవి ఇంకా ఉన్నాయి, వాటి ఖర్చులకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. ఇందులో వాల్వు క్లియరెన్సు తనంతట తాను సర్దుకోదు, షిమ్ములు మార్చి సరిచేయాలి. ఇన్‌టేక్‌కు 0.18 నుంచి 0.23 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టుకు 0.28 నుంచి 0.33, అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడు. ఆ సందు పెరిగితే మన మెకానిక్కులు టాపెట్ సౌండ్ అనేది వినిపిస్తుంది. కామ్ షాఫ్టులను ముందుకూ వెనక్కూ జరిపే వ్యానోస్ ఇంకొకటి. దాని ఆయిల్ పంపును తిప్పే పళ్లెంలోకి ఎగ్జాస్టు కామ్ హబ్ తాలూకు రెండు చిన్న కొక్కేలు దిగి ఉంటాయి. పళ్లెం రంధ్రాలు అరిగినా, కొక్కెం విరిగినా తక్కువ స్పీడులో గలగలమంటుంది. గేరుబాక్సుకు తనదైన చప్పుడుంది: న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టుంటుంది. ఆ చప్పుడు ఈ బండికి మామూలే. క్లచ్ పెడల్ తొక్కగానే ఆగిపోయిందా, ఇక ఇంజను జోలికి వెళ్లక్కర్లేదు. ఐదు సెకన్ల పరీక్ష ఇది, ఖర్చు సున్నా. అయినా చాలామంది దీన్ని ఆఖరున చేస్తారు.

వేడి సంగతి చూడు. నీ టాకోమీటరులో ఎర్రగీతకు ముందు నారింజ రంగు దీపాలు ఉంటాయి. ఆయిల్ వేడెక్కే కొద్దీ అవి ఒక్కొక్కటీ ఆరిపోతాయి. ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లు కూడా ఉంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన క్షణం నుంచి, ఎన్ని దీపాలు మిగిలుండగా చప్పుడు మొదలైంది, ముల్లు ఎక్కడుండగా మారింది అని కాగితం మీద రాసుకో. మొదటి రెండు సెకన్లు వచ్చి పోయేది ఆయిల్ పైకి చేరేలోపు చప్పుడు. చల్లగా ఉన్నప్పుడు బాగా వినిపించి వేడెక్కాక తగ్గిపోతే పిస్టన్ వ్యాకోచించి సందు మూసుకుంటోందని అర్థం. దీనికి భిన్నంగా, ఆయిల్ వేడెక్కి పల్చబడే కొద్దీ చప్పుడు పెరిగితే అప్పుడు బేరింగుల మీద అనుమానం నిజంగా బలపడుతుంది. 2,000, 3,000 ఆర్‌పీఎమ్ మధ్య నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ ఠక్కున వదిలినప్పుడు, బరువు ఒకవైపు నుంచి రెండోవైపుకు మారే ఆ క్షణంలో, అరిగిన బిగ్‌ఎండ్ లోతుగా కొట్టుకుంటుంది. ఊరికే ఐడిల్‌లో విని బేరింగు అనేయడం తొందరపాటు.

లెక్క కూడా సాక్ష్యమే. ఐడిల్ 840 ఆర్‌పీఎమ్ అనుకుందాం. క్రాంకు సెకనుకు 14 సార్లు తిరుగుతుంది, కామ్ షాఫ్టు అందులో సగం, 7 సార్లు. ఒక్క వాల్వు సందు పెరిగితే సెకనుకు 7 టకటకలు రావాలి. చెవితో లెక్కపెట్టడం కష్టం. ఫోనులో రికార్డు చేసి, తరంగం గీసి చూపించే యాప్‌లో ఒక్క సెకను ముక్కను సాగదీసి చూస్తే శిఖరాలు కళ్లకు కనిపిస్తాయి. వ్యానోస్ గలగల ఇంత శుభ్రంగా లెక్కకు అందదు. ఒక్కో వాల్వు స్ప్రింగు నొక్కుకుని విడిచినప్పుడల్లా హబ్ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి చప్పుళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అయితే లెక్క ఒక్కటే తీర్పు కాదు. బిగ్‌ఎండ్ పవరు స్ట్రోకులో మాత్రమే గట్టిగా కొడితే అదీ 7 గానే కనిపిస్తుంది. అందుకే ఇంజను ఆపి ఒక సిలిండరు ఇంజెక్టరు కనెక్టరు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి విను. ఇలా ఆరింటినీ వంతులవారీగా చూడు. పేలుడు లేని సిలిండరులో రాడ్ మీద దెబ్బ తగ్గుతుంది, దాని చప్పుడూ మెత్తబడుతుంది. వాల్వు చప్పుడుకు ఆ తేడా తెలియదు. కాయిల్ తీయకు, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోతుంది. బెల్టు తీసి అర నిమిషం నడిపితే ఆల్టర్నేటరు, వాటర్ పంపు, టెన్షనరు సంగతి కూడా తేలిపోతుంది.

స్కానరు పెడితే ఏ కోడూ లేదని రాశావు. అది ఇంజనుకు ఇచ్చిన యోగ్యతా పత్రం కాదు. 1996 నుంచి అమెరికా బండ్లన్నిటికీ తప్పనిసరి చేసిన ఆ కోడుల వ్యవస్థ పొగను కాపలా కాయడానికి పుట్టింది. బ్లాకు మీద నాక్ సెన్సర్లున్న మాట నిజమే కానీ, అవి చెవి పెట్టేది పెట్రోలు తప్పుగా పేలిన శబ్దానికి. 87 మిల్లీమీటర్ల బోరుకు అది సుమారు 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వదులైన రేకు, అరిగిన పళ్లెం వాటి లెక్కలోకి రావు. వ్యానోస్ కోడు పడితే అది పనికొచ్చే సాక్ష్యం. పడకపోతే ఏమీ తేలలేదనే అర్థం.

ఎస్54 అనగానే బిగ్‌ఎండ్ బేరింగులేనని అందరూ అంటారన్నావు. ఆ పేరు ఊరికే రాలేదు. 2001 నుంచి 2003 దాకా వచ్చిన బండ్లకు బీఎండబ్ల్యూయే పిలిచి మరీ బేరింగులు మార్చింది, 10డబ్ల్యూ-60 ఆయిల్ వాడమంది. 8,000 ఆర్‌పీఎమ్ దాకా తిరిగే ఇంజనుకు, ఇన్నేళ్ల తర్వాత, ముందుజాగ్రత్తగా బేరింగులు మార్చడం మంచి పనే. కానీ అది సంరక్షణ, రోగ నిర్ధారణ కాదు. వ్యానోస్ పళ్లెం అరిగి ఉంటే, సంపు దించి బేరింగులు మార్చి అన్నీ బిగించాక కూడా చప్పుడు అలాగే ఉంటుంది. నిజంగా బేరింగేనా అని తెలుసుకోవడానికి సంపు దించక్కర్లేదు. ఆయిల్ ఫిల్టరు కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడు. అయస్కాంతానికి అంటని మెరిసే పొరలు కనిపిస్తే అది బేరింగు లోహం. ఆయిల్‌ను ల్యాబుకు పంపితే సీసం, రాగి ఎంతున్నాయో చెబుతారు. అయితే ఆ పరీక్షకు అతి సన్నని రేణువులే అందుతాయి, పెద్ద ముక్కలు తప్పించుకుంటాయి. కాబట్టి రెండూ చేయించు. ఒక్క సందర్భంలో మాత్రం నీ మాటే నెగ్గుతుంది. హబ్ కొక్కెం విరిగిందని తేలితే ఆ ముక్క సంపులో ఉండొచ్చు, దాన్ని తీయడానికి ఎలాగూ దించాలి. అప్పుడు బేరింగులు కూడా మార్పించేసెయ్.

ఇన్ని పరీక్షలు చేస్తూ కూర్చుంటే ఈలోగా ఇంజను పోదా అని నువ్వు అడగడం న్యాయమే. అందుకే అన్నిటికన్నా ముందు ఆయిల్ కొలిచి చూడు. తక్కువుంటే పోసి, మళ్లీ విను. బండిలో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేదు, ఎర్రదీపం వెలిగేసరికి ఆలస్యమైపోతుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని నడపకు. వేడితోనూ రేజ్‌తోనూ పెరిగే లోతైన దెబ్బ అని మొదటి పరీక్షలోనే తేలితే అక్కడితో ఇంజను ఆపేసెయ్, ఇంజెక్టరు పరీక్ష కూడా వద్దు, ట్రక్కు మీద ఎక్కించి పంపు. చప్పుడు అణగడానికి చిక్కటి మందులేవీ ఆయిల్‌లో కలపకు. వాటివల్ల దోషం అలాగే ఉంటుంది, సాక్ష్యం చెడిపోతుంది.

చెయ్యి తిరిగిన మెకానిక్ విని చెప్పేస్తాడు కదా అంటావు. చెప్పగలవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లు కూడా విన్న వెంటనే చెప్పరు. క్లచ్ తొక్కమంటారు, రేజ్ చెయ్యమంటారు, పొద్దున ఎలా ఉంటుందని అడుగుతారు. వర్క్‌షాపుకు నడిపించుకెళ్లేసరికి ఇంజను వేడెక్కిపోతుంది, చల్లటి ఇంజను ఎలా మోగుతుందో అతనికి వినే వీలుండదు. ఆ సంగతి నీ కాగితమే చెప్పాలి. రేపు పొద్దున సెల్ఫ్ కొట్టే ముందే ఫోను రికార్డింగు మొదలుపెట్టు. దీపాలన్నీ ఆరేదాకా వదలకుండా తియ్యి. మధ్యలో ఒకసారి క్లచ్ తొక్కి వదులు, తొక్కిన క్షణం పైకి చెప్పు, రికార్డులో ఉంటుంది. అదీ, ఫిల్టరు మడతల ఫొటో నాకు పంపు. మెకానిక్‌కు కూడా అవే చూపించి, వాల్వు కవరు తీసిననాడు ముందు సందులు కొలిచి, ఆ తర్వాతే వ్యానోస్ విప్పమను.

ఇట్లు,
మీ మావయ్య