నీళ్లకూ తోడు పెట్టాలి

"అమ్మా! చేప కదుల్తలేదే!"

పొద్దున్నే పాప అరిచింది. తల్లి పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చింది. బల్ల మీద చిన్న గాజు గిన్నె ఉంది. అందులో నీలం రంగు చేప పక్కకు ఒరిగి తేలుతోంది.

వాళ్లు ఉండేది ఎల్బీనగర్‌లో. తల్లి దిల్‌సుఖ్‌నగర్‌లో రెండిళ్లలో వంట చేస్తుంది. ఆరు రోజుల కిందట పాప పుట్టినరోజు. పాప ఎన్నాళ్ల నుంచో చేప కావాలని అడుగుతోంది. తల్లి పని ముగించుకుని వస్తూ ఒక దుకాణంలో చేపను, గిన్నెను కొన్నది. ఒక రోజు కూలి దానికే పోయింది. దుకాణం అతను ఒక్క మాటే చెప్పాడు. "ఏం కాదక్కా. రోజూ నీళ్లు మార్చు, చాలు."

ఆమె రోజూ మార్చింది. డబ్బాలో వచ్చే ఫిల్టర్ నీళ్లే పోసింది. గిన్నెను సబ్బుతో తోమి మరీ పోసింది. ఇంత శుభ్రంగా చూసినా చేప ఎందుకు చచ్చిపోయింది?

కింది వాటాలో ఒక పిన్ని ఉంటుంది. ఆమె ఇంట్లో పెద్ద గాజు తొట్టి ఉంది. పదేళ్లుగా చేపలను పెంచుతోంది. పాప ఏడుపు విని పైకి వచ్చింది. గిన్నె చూసింది. జరిగింది విన్నది.

"నువ్వు మంచిగనే చూసినవ్ బిడ్డా. మరీ మంచిగ కడిగినవ్" అంది.

ఆ మాటకు అర్థం ఏమిటో చూద్దాం.

ఈ చేప పేరు బెట్టా. దుకాణాల్లో ఫైటర్ అంటారు. దీని సొంత చోటు థాయ్‌లాండ్, దాని చుట్టుపక్కల దేశాలు. అక్కడి వరి మళ్లలో, లోతు తక్కువ మడుగుల్లో బతుకుతుంది. రెండు మగ చేపలను ఒకచోట వేస్తే కొట్టుకుంటాయి. మన దగ్గర కోడిపందాలు ఆడినట్టే అక్కడ చేపల పందాలు ఆడేవారు. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

మన కొర్రమీను మీకు తెలుసు. అది తెలంగాణ రాష్ట్ర చేప. చెరువులో నీళ్లు ఇంకిపోయినా బురదలో కొన్నాళ్లు బతుకుతుంది. ఎలాగ? అది నోరు పైకి పెట్టి గాలి పీలుస్తుంది. బెట్టా కూడా అంతే. అందుకే దుకాణాల్లో గ్లాసుడు నీళ్లలో పెట్టి అమ్ముతారు. అది చూసి గిన్నె చాలనుకుంటాం. గాలి సంగతి సరే. నీళ్లలో పుట్టే విషం సంగతి ఏమిటి?

చేప తింటుంది, విసర్జిస్తుంది. దాని నుంచి అమ్మోనియా పుడుతుంది. సరిగా కడగని మరుగుదొడ్డిలో ముక్కు పగిలే ఘాటు వస్తుంది కదా, అదే అమ్మోనియా. నీళ్లలో అది కొంచెం ఉన్నా చేప మొప్పలు కాలిపోతాయి. గిన్నె ఎంత చిన్నదైతే విషం అంత త్వరగా చిక్కబడుతుంది.

చెరువులో ఈ విషం ఏమవుతుంది? అక్కడ కంటికి కనపడని బాక్టీరియా ఉంటుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత కీడు చేయదు. మొక్కలకు అది ఎరువు. ఈ బాక్టీరియా రాళ్లను, ఇసుకను, స్పాంజిని అంటిపెట్టుకుని పెరుగుతుంది. సబ్బుతో తోమితే గిన్నెలో అది ఎక్కడ నిలుస్తుంది?

"పాలల్ల తోడు వేయకుంటే పెరుగైతదా? నీళ్లు కూడ అంతే. తోడు నేనిస్త" అంది పిన్ని. తన దగ్గర ఉన్న పాత తొట్టి కూడా ఇచ్చింది.

ఆ తొట్టి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంది. అలాంటి తొట్టిలో 28 లీటర్లు పడతాయి. అంచు దాకా నింపకూడదు. బెట్టా ఎగిరి దూకుతుంది. దానికి పైన గాలి కూడా కావాలి. రెండు అంగుళాలు వదలాలి. అడుగున పోసే గులకరాళ్లు కొంత చోటు తింటాయి. అది పోను సుమారు 20 లీటర్ల నీళ్లు మిగులుతాయి. అంటే ఒక నీళ్ల డబ్బా. ఒక బెట్టాకు, పది చిన్న రొయ్యలకు ఇది సరిపోతుంది. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి 30 కిలోల బరువు. ఊగే స్టూలు మీద పెట్టకండి.

మొదట తొట్టిని డాబా మీద నింపి ఒక రోజు ఉంచారు. కారలేదు. గులకరాళ్లను ఉత్త నీళ్లతోనే కడిగారు.

ఇక ఏ నీళ్లు పోయాలి? తల్లికి ఇక్కడే పెద్ద అనుమానం వచ్చింది. ఫిల్టర్ నీళ్లు మనుషులకు మంచివి కదా, చేపకు మంచివి కావా? ఫిల్టర్ ప్లాంటులో నీటిలోని లవణాలు చాలావరకు తీసేస్తారు. రొయ్య పొట్టు గట్టిపడాలంటే నీటిలో సున్నం ఉండాలి. అందుకే ఉత్త ఫిల్టర్ నీళ్లు పనికిరావు. బోరు నీళ్లలో చాలాచోట్ల లవణాలు మరీ ఎక్కువ. నల్లా నీళ్లు మేలు. ఎల్బీనగర్ వైపు ఎక్కువగా వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. ఈ పథకం మొదటి దశ నీళ్లు 2004లో నగరానికి చేరాయి. క్రిములు చావాలని ఆ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. క్లోరిన్ చేపకు, రొయ్యకు, మనం పెట్టే తోడుకు కూడా పడదు. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే దుకాణంలో క్లోరిన్ విరుగుడు చుక్కల మందు దొరుకుతుంది. ఎన్ని లీటర్లకు ఎన్ని చుక్కలో సీసా మీద రాసి ఉంటుంది. చదివి వేయండి.

రాగి బిందెలో నీళ్లు మాత్రం పట్టకండి. రాగి రొయ్యకు విషం. కొన్ని చేపల మందుల్లో కూడా రాగి ఉంటుంది.

నీళ్లు పోశారు. చిన్న గాలి మోటారుకు స్పాంజి ఫిల్టర్ తగిలించారు. జావా నాచు వేశారు. పిన్ని తన తొట్టిలోని స్పాంజి ముక్క, పిడికెడు పాత రాళ్లు తెచ్చి వేసింది. అదే తోడు.

"ఇగ చేప తెద్దామా?" అంది పాప.

"ఇప్పుడే కాదు. దానికి నెల పట్టొచ్చు" అంది పిన్ని.

పాప మూతి ముడిచింది. పెద్దవాళ్లకే ఓపిక ఉండదు, పిల్లలకు ఎక్కడిది?

రోజూ చిటికెడు చేపల మేత ఖాళీ నీళ్లలో వేశారు. అది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. బాక్టీరియాకు అదే తిండి. తోడు లేకుండా అయితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తల్లి గోడ మీది క్యాలెండర్లో తేదీలు తన చేత్తోనే రాసింది. నాలుగు రోజులకోసారి పిన్ని దగ్గరున్న పరీక్ష మందుతో నీళ్లు చూశారు. ఆ మందులో రంగు ఆకుపచ్చగా మారితే అమ్మోనియా ఉన్నట్టు. పసుపు రంగే ఉంటే లేనట్టు. మొదట్లో ఆకుపచ్చ వచ్చింది. 20వ రోజున పసుపు వచ్చింది. నైట్రైట్ ఇంకా ఉంది. 26వ రోజుకు అది కూడా పోయింది.

ముందు రొయ్యలను తెచ్చారు. వీటిని చెర్రీ రొయ్యలు అంటారు. ఎర్రగా, అంగుళం లోపే ఉంటాయి. మంచినీటిలో పెరుగుతాయి. సంచిని పావుగంట తొట్టి నీటిపై తేలనిచ్చారు. తర్వాత గంటసేపు కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు సంచిలో కలిపారు. ఆ తర్వాత రొయ్యలను మాత్రమే వలతో తీసి వదిలారు. నాచులో దాగే చోటు అవి వెతుక్కున్నాక, వారం తర్వాత బెట్టాను తెచ్చారు. ఇది కూడా నీలం రంగుదే. పాప పట్టుబట్టింది.

కొన్ని బెట్టాలు రొయ్యలను తింటాయి. ఏది తింటుందో ముందు చెప్పలేం. రొయ్య పిల్లలను మాత్రం వదలదు. అందుకే నాచు దట్టంగా ఉండాలి.

మేత రోజుకు రెండుసార్లు, రెండు మూడు గింజలు చాలు. అన్నం, బిస్కట్టు వేయకండి. దోమ పిల్లలంటే బెట్టాకు ప్రాణం. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, నిలవ ఉంచిన నల్లా నీళ్లు పోయండి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండండి. నల్లా కింద కడిగితే తోడు పోతుంది. మిగిలిన నీళ్లు తులసి కుండీకి పోయండి.

డిసెంబరు, జనవరి చలిలో చిన్న హీటర్ కావాలి. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీసేయండి.

దోమల మందు పొగ, చీమల సుద్ద ఈ గదిలో వద్దు. రొయ్యలు వాటికి గంటల్లో చనిపోతాయి. వీధిలో దోమల పొగ బండి వస్తే కిటికీ మూసి, తొట్టిపై గుడ్డ కప్పి, గాలి మోటారు కాసేపు ఆపండి. పెంచలేకపోతే సరూర్‌నగర్ చెరువులో వదిలేయకండి. ఎవరో తొట్టిలోంచి వదిలిన సక్కర్ చేపలు మన చెరువుల్లో పెరిగి, జాలర్ల వలలు చింపుతున్నాయి. పెంచుకునే వారికి ఇవ్వండి.

పదిహేను రోజులు గడిచాయి. ఒకరోజు పాప మళ్లీ అరిచింది.

"అమ్మా! రొయ్య చచ్చిపోయింది!"

తల్లి గుండె గుభేలుమంది. వచ్చి చూసింది. రాళ్ల మీద తెల్లగా, పలచగా రొయ్య ఆకారం పడి ఉంది. ఆమె వంగి నాచులో ఉన్నవాటిని లెక్క పెట్టింది. ఒకసారి తొమ్మిదే వచ్చాయి. మళ్లీ లెక్క పెట్టింది. పదీ ఉన్నాయి.

"అది పొట్టు బిడ్డా. పెరిగినప్పుడు ఇడుస్తదంట" అంది.

పాప దాన్ని తీయబోయింది. తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. విడిచిన పొట్టును రొయ్యలే తింటాయి. అందులో సున్నం ఉంటుంది.