ఉపవాసమున్న కడుపు ఖాళీయేనా?

ఆపరేషను బల్ల మీదికి వచ్చిన ప్రతి రోగినీ మత్తు డాక్టరు ఒక ప్రశ్న అడిగి తీరుతాడు: “చివరిసారి ఎప్పుడు తిన్నారు?” వైద్యం చదవని మిత్రులకు ఇది పలకరింపులాగా తోచవచ్చు. కాని ఇందులో ప్రాణాపాయం ఇమిడి వున్నది. మెలకువగా వున్న మనిషికి పొలమారితే దగ్గు వస్తుంది. పూర్తి మత్తులో ఆ దగ్గు వుండదు. అన్నవాహిక అడుగున బిగిసి వుండే కండరం కూడా సడలుతుంది. కడుపులో వున్నది పైకి తన్ని ఊపిరితిత్తులలోకి పోతుంది. న్యూయార్కులో మెండెల్సన్ అనే ప్రసూతి వైద్యుడు 1932–45 మధ్య జరిగిన 44,016 కాన్పుల రికార్డులు తిరగవేసి, ఇట్లా జరిగినవి 66 అని 1946లో ప్రకటించాడు. వారిలో ఇద్దరు ఘనాహారం అడ్డుపడి, ఊపిరాడక మరణించారు.

అందుకే ఉపవాసం పెడతారు. నీళ్ళవంటి తేట ద్రవాలకు 2 గంటలు, తేలిక ఆహారానికీ పాలకూ 6 గంటలు, నూనె, మాంసం గల భోజనానికి 8 గంటలో, ఆపైనో. (“కాస్త కాఫీయే కదండీ” అంటారు మనవాళ్ళు. పాలు కలిసిన కాఫీ నీళ్ళ పద్దులోకి రాదు, మజ్జిగా అంతే.) అయితే ఈ గంటల లెక్క సవ్యంగా పనిచేసే కడుపును చూసి కట్టినది. చక్కెర వ్యాధి వున్నవారి విషయంలో దీనిని గుడ్డిగా నమ్మరాదు.

కడుపు వట్టి సంచి కాదు. దాని కింది భాగమైన యాంట్రమ్ నిమిషానికి సుమారు మూడుసార్లు అలలాగా ముడుచుకుంటూ, అన్నాన్ని మెత్తగా నలిపి, కొంచెం కొంచెంగా చిన్నప్రేవులోకి తోస్తుంది. ఈ పనిని నడిపేవి వేగస్ నాడి, కడుపు గోడలోని కహాల్ కణాలు. ఏళ్ళ తరబడి చక్కెర అదుపు తప్పితే ఇవి దెబ్బతినవచ్చు. ఆ పూట రక్తంలో చక్కెర బాగా పెరిగి వున్నా కడుపు మందగిస్తుంది. 1958లో కసాండర్ ఈ స్థితికి గ్యాస్ట్రోపరీసిస్ అని పేరు పెట్టాడు. లక్షణాలేవీ కనబడకుండా కూడా ఇది వుంటుందని ఆయన వ్యాసం శీర్షికలోనే చెప్పాడు. చిక్కంతా అక్కడే వున్నది. పోనీ, షుగరు వున్న ప్రతివారికీ కడుపు నిండే వుంటుందనుకుందామా అంటే, అదీ నిజం కాదు. చాలామందికి మామూలుగానే ఖాళీ అవుతుంది.

నేను పీజీ చదివే రోజుల్లో ఒక పెద్దాయనకు మత్తు ఇస్తూండగానే అన్నం మెతుకులు నోట్లోకి వచ్చాయి. ఊపిరితిత్తుల్లోకీ పోయాయి. వారం రోజులు వెంటిలేటరు మీద వుండి బతికి బయటపడ్డాడు. తేరుకున్నాక మేమందరం ఆయనను ఒకటే కేకలు వేశాం, దొంగతనంగా తిన్నావని. “ముందురోజు మధ్యాహ్నం తిన్నదేనయ్యా” అని ఆయన మొత్తుకున్నాడు. మాలో ఒక్కరూ నమ్మలేదు. ఆయనకు చక్కెర వ్యాధి పద్దెనిమిదేళ్ళది.

ఇప్పుడు నమ్మనక్కరలేదు, చూడవచ్చు. పొట్టకు వాడే వంపు ప్రోబును రొమ్ముటెముక కింద నిలువుగా ఆనించితే, కాలేయం ఎడమ తమ్మెకూ క్లోమానికీ మధ్య, బృహద్ధమనికి ముందుగా యాంట్రమ్ కనిపిస్తుంది. మొదట వెల్లకిలా, తరువాత కుడిపక్కకు తిప్పి చూడాలి. అప్పుడే ద్రవం అక్కడికి జారి చేరుతుంది. ఖాళీ కడుపయితే గోడలు దగ్గరకు చేరి చిన్నగా వుంటుంది. నీరయితే నల్లగా, అప్పుడే తాగినదయితే చుక్కల ఆకాశంలాగా. ఘనాహారమయితే మసకబారిన గాజులాగా, గరుకుగా కనబడుతుంది. ఘనాహారం కనబడిందా, ఇక లెక్కలతో పని లేదు: కడుపు నిండినట్లే.

ద్రవం మాత్రమే వుంటే కొలవాలి. టొరంటోకు చెందిన పెర్లాస్ బృందం 2013లో ప్రచురించిన సూత్రం ఇది: కుడిపక్కన పడుకోబెట్టినప్పటి యాంట్రమ్ వైశాల్యాన్ని 14.6తో గుణించి, 27 కలిపి, అందులోంచి వయస్సుకు 1.28 రెట్లు తీసివేస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 60 ఏళ్ళ, 60 కిలోల మనిషికి వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు వుంటే సుమారు 67 మి.లీ., అనగా కిలోకు 1.1. ఇది ఉపవాసంలోనూ సహజంగా వుండేదే. అదే 11 వుంటే 111 మి.లీ., కిలోకు 1.8. కిలోకు 1.5 దాటితే జాగ్రత్తపడాలి. పూర్వం కడుపు ఆపరేషను అయినవారిలో ఈ కొలత నమ్మదగినది కాదు.

ఈ మధ్య చక్కెరకూ బరువుకూ వాడుతున్న సెమగ్లూటైడ్ వంటి మందులు కూడా కడుపును మందగింపజేస్తాయి. కనుక “ఏం మందులు వాడుతున్నారు?” అన్నదీ అడగవలసిన ప్రశ్నే.

ఇటీవల పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషను కోసం ఒక పెద్దావిడ వచ్చింది. షుగరు ఇరవై ఏళ్ళుగా వున్నది. రాత్రి ఎనిమిదింటికి అన్నం, పప్పు. తరువాత మంచినీళ్ళు కూడా ముట్టలేదన్నది. ఉదయం పదింటికి ప్రోబు పెట్టి చూస్తే యాంట్రమ్ నిండా ఘనాహారం! తొందరలేని ఆపరేషను కాబట్టి వాయిదా వేశాం. కొడుకుకు కోపం వచ్చింది. “డాక్టరుగారూ, మా అమ్మ అబద్ధమాడిందంటారా?” అన్నాడు. “లేదు బాబూ, ఆవిడ నిజమే చెప్పింది. ఇదుగో, ఇది రాత్రి తిన్న అన్నమే” అని తెర అతని వైపు తిప్పాను. ఆవిడ మంచం మీద నుంచి, “నే చెప్పలా?” అన్నది కొడుకుతో.

ఆ రోజంతా తేట ద్రవాలు మాత్రమే ఇచ్చి, చక్కెరను అదుపులో వుంచి, మర్నాడు మళ్ళీ చూశాం. వెల్లకిలా ఖాళీ, కుడిపక్కనా ఖాళీ. పదకొండింటికి మత్తు ఇచ్చాం.