చేతికొచ్చిన పెద్ద మొత్తం – నాలుగు భాగాల పాఠం



మున్సిపాలిటీలోనో, రైల్వేలోనో, బడిలోనో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైతే గ్రాట్యుటీ, పి.ఎఫ్. కలిపి లక్షలు ఒక్కసారే చేతికొస్తాయి. మన ఇళ్లల్లో చాలామందికి అంత డబ్బు చూడటం అదే మొదటిసారి. తాత చూడలేదు, నాన్న చూడలేదు. డబ్బు కంటే ముందే కబురు ఊరంతా పాకుతుంది. చుట్టాలొస్తారు, స్కీములవాళ్లొస్తారు. ఏడాది తిరక్కుండానే పాస్‌బుక్ ఖాళీ! మరి ఏం చేయాలి?

బుద్ధుడు గృహస్థుల సంపదను తప్పుపట్టలేదు. ధర్మబద్ధంగా సంపాదించి, జాగ్రత్తగా కాపాడుకోమన్నాడు. రాజగృహంలో సిగాలుడనే యువకుడికి చెప్పిన సిగాలోవాద సుత్తంలో సంపదను నాలుగు భాగాలు చేయమన్నాడు. ఒకటి అనుభవించడానికి, రెండు పనిలో పెట్టడానికి, నాలుగోది ఆపదకు.

ముందు అప్పు. అనాథపిండికుడికి బుద్ధుడు చెప్పిన గృహస్థుల నాలుగు సుఖాల్లో ఒకటి అనణ సుఖం, అంటే అప్పు లేని సుఖం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. మన డబ్బు దాచుకుంటే ఏ బ్యాంకూ అంత వడ్డీ ఇవ్వదు. అందుకే ఆ అప్పు తీర్చడమే మొదటి పెట్టుబడి.

అప్పులు పోగా 24 లక్షలు మిగిలాయనుకుందాం.

ఒక భాగం, 6 లక్షలు: అనుభవానికి. ఇంటి రిపేరు, వైద్యం, పిల్ల పెళ్లి ఇందులోనే. గొప్ప కోసం ఫంక్షన్ హాలు పెళ్లి చేసి మిగతా భాగాల్లో చెయ్యి పెట్టకూడదు. స్తోమతకు మించి ఖర్చు చేసేవాణ్ణి బుద్ధుడు మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. చెట్టంతా దులిపి, నాలుగు తిని, మిగతావి నేలపాలు చేసే మనిషి అన్నమాట.

రెండు భాగాలు, 12 లక్షలు: పనికి. పని చేసే వయసుంటే వ్యాపారం, పిల్లల పై చదువు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం – ఈ అయిదు వ్యాపారాలు ఉపాసకుడికి కూడవు. 60 నిండినవారైతే డబ్బుకే పని చెప్పాలి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది. గడువు 5 ఏళ్లు, గరిష్ఠంగా 30 లక్షలు, మూడు నెలలకోసారి వడ్డీ.

నాలుగో భాగం, 6 లక్షలు: ఆపదకు. బ్యాంకు డిపాజిట్లలో ఉంచండి. బ్యాంకు మునిగితే బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే. కాబట్టి రెండు బ్యాంకుల్లో మూడేసి లక్షలు వేయండి.

తూములు మూయండి. దీఘజాణుడికి చెప్పిన సుత్తంలో బుద్ధుడు సంపదను చెరువుతో పోల్చాడు. వ్యభిచారం, తాగుడు, జూదం, చెడు స్నేహం – ఇవి నీళ్లు బయటికిపోయే నాలుగు తూములు. నేటి జూదం ఫోన్‌లోనే ఉంది. నేటి చెడు స్నేహితుడు "నూటికి మూడు రూపాయలు ఇప్పిస్తా, పదిమందిని చేర్పించు" అంటాడు. తెలిసినవాడే, మనవాడే కావచ్చు. అయినా వద్దనండి. నిజంగా అంత లాభముంటే వాడు మీ ఇంటిదాకా ఎందుకొస్తాడు? చీటీ వేసినా రిజిస్టరైన దాంట్లోనే వేయండి.

ఇంటి ఇల్లాలు. ఇంట్లో అధికారం భార్యకు అప్పగించడం భర్త బాధ్యతల్లో ఒకటని సిగాలోవాద సుత్తమే చెబుతోంది. ఆమెకు తెలియకుండా ఒక్క సంతకం కూడా పెట్టకండి. ప్రతి ఖాతాకూ నామినీ రాయించండి.

దానం. దీక్ష మరుసటి రోజు, 1956 అక్టోబర్ 15న, నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మ కార్యానికి సంపాదనలో 20వ వంతు ఇమ్మన్నారు. అసలు కదపనక్కర్లేదు, వచ్చే వడ్డీలో 20వ వంతు తీయండి. మన వాడలో ఒక పిల్ల ఫీజు కట్టడానికి అది పనికొస్తుంది.

డబ్బు రాగానే కనీసం నెల రోజులు ఎవరికీ మాటివ్వకండి. ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగు భాగాలూ కాగితం మీద రాసుకోండి. మన తాతలకు దక్కని అవకాశం ఇది. మనవల దాకా నిలవాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!