నల్లరేగడిలో పైపు వేసేముందు

చిలకలూరిపేట

అల్లుడూ,

మీ తాతగారి ఇల్లు బాగుచేయించి అమ్మానాన్నలను మళ్లీ ఊళ్లోనే ఉంచాలనుకుంటున్నట్టు రాశావు. చాలా సంతోషం. రంగుల గురించి, వంటింటి గట్టు గురించి రెండు పేజీలు రాసి, నీళ్ల సంగతి మాత్రం "పైపులన్నీ కొత్తవి వేయించేస్తా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో మోటార్లు దించి పైపులు బిగించినవాణ్ణి, ఆ ముక్క చదివాక ఊరుకోలేకపోయాను. పైపు కొత్తదే కావచ్చు, నేల పాతదే కదా.

మిషిగన్‌లో ఉన్నప్పుడు చలికి పైపు పగిలి నేలమాళిగ నిండిపోయిందని ఫోన్లో చెప్పావు, గుర్తుందా? నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పైపు ఆ ఉబ్బుకు చీలుతుంది. మనకు మంచు లేదు గాని నల్లరేగడి ఉంది. ఎండల్లో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వానలు పడితే నీళ్లు తాగి పొంగుతుంది. ఏటా నేల అలా కదులుతుంటే దాంట్లో బిగుసుకున్న పైపు అతుకుల దగ్గరో, గోడలోకి దూరేచోటో విరుగుతుంది. మా ఇంట్లో నేనే ఒక తప్పు చేశాను. పని తొందరలో తవ్విన మట్టితోనే పూడ్చేశాను. మూడేళ్లు తిరక్కుండా స్నానాల గది పక్కన నేల చెమ్మగిల్లింది. తవ్వి చూస్తే గోడ మొదట్లో ఎల్బో చీలి ఉంది. ఆపాటికే పునాది కింద మన్ను మెత్తబడి గోడ బీటిచ్చింది.

అందుకని రెండడుగుల లోతు కాలవ తీయించు. తీసిన నల్లమట్టిని మళ్లీ అందులో పడనివ్వకు. అడుగున జానెడు ఇసుక, దానిమీద పైపు, మళ్లీ ఇసుక, ఆపైన గ్రావెల్ పోయించు. పైపు గోడ దాటేచోట పెద్ద సైజు పైపు ముక్క పెట్టి అందులోంచి పోనివ్వు, సిమెంటుతో బిగించనివ్వకు. నేలలోకి నల్ల హెచ్‌డీపీఈ పైపు మేలు, అది వంగుతుంది గాని తొందరగా విరగదు. డాబా మీద తెల్ల పీవీసీ ఎండకు పెళుసెక్కుతుంది, రంగు వేయించు.

మీ తాతగారి ఇంటి గోడలు గానుగ సున్నంతో కట్టినవి. కొత్త ఇళ్లలో లాగా గోడ చెక్కి పైపును లోపల దాచేస్తామంటారు మేస్త్రీలు. ఒప్పుకోకు. లోపల చుక్క చుక్కగా కారుతుంటే చవుడు పట్టి పెచ్చులూడేదాకా నీకు తెలియదు. బయటే క్లాంపులతో వేయించు. చూపుకు బాగుండదు, నిజమే. కారితే మాత్రం ఆ రోజే కంటబడుతుంది.

పాత జీఐ పైపును ఒకచోట కోయించి చూడు. అర ఇంచీ పైపులో పెన్సిలు దూరేంత సందు మిగిలితే గొప్పే. బోరు నీళ్లలో సున్నం, పైపు తుప్పు కలిసి పేరుకున్నదది. గీజరు కాయిలు మీదా ఆ సున్నమే కడుతుంది. నీళ్లు సన్నగా వస్తున్నాయని పెద్ద మోటారు పెట్టమనేవాళ్ల మాట వినకు, ముందు ఆ నీళ్లు పరీక్షకు పంపు. లీటరుకు కఠినత్వం 200 మిల్లీగ్రాముల్లోపు ఉండాలి, వేరే నీరు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5.

ఫ్లోరైడు సంగతి తేలిగ్గా తీసుకోకు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు, అది నెల్లూరు జిల్లా ఊళ్లు చూసి రాసింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడిన ఇప్పటి ప్రకాశంలో కలిశాయి. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు నాగార్జునసాగర్ కుడి కాలవ నీళ్లతో నింపే చెరువు నుంచి వచ్చే పంచాయతీ కుళాయి నీళ్లు వాడండి. బోరుకు వేరే లైను వేయించు. రెండూ ఎక్కడా కలవకూడదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. మిరపకు మందు కొట్టే రోజుల్లో బోరు గొట్టం కొస మందు కలిపిన డ్రమ్ములో ముంచి వదిలేస్తారు. కరెంటు పోతుంది. పైపులో నీళ్లు బోరులోకి జారుతూ డ్రమ్ములో ఉన్నదాన్ని కూడా వెనక్కి లాగుతాయి. పురుగుమందు నేరుగా బోరులోకి పోతుంది. గొట్టం కొసను డ్రమ్ము అంచుకు జానెడు పైన కట్టించు. నీటిని ఒక వైపే పోనిచ్చే ఎన్నార్వీ కూడా బిగించు, అయితే దానిమీదే భారం వేయకు, అందులో ఇసుక రేణువు ఇరుక్కుంటే సరిగా మూసుకోదు. పంచాయతీ కుళాయికి మోటారు తగిలించి గుంజేవాళ్ల జోలికీ పోకు. ఆ లాగుడుకు సైడు కాలవ మురుగు పైపు చీలికల్లోంచి లోపలికి వస్తుంది. 2018లో గుంటూరు ఆనందపేటలో మురుగు కలిసిన తాగునీళ్ల వల్ల వాంతులు, విరేచనాలతో ఎంతోమంది ఆస్పత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయాయి.

సెప్టిక్ ట్యాంకు బోరుకు 50 అడుగులైనా దూరం ఉండాలి. దాని గాలి పైపుకు దోమల జాలి కట్టించు.

పైపు కాలవ పని తొలకరికి ముందే ముగించు. నేల తడిసిందంటే మట్టి పారకు అంటుకుపోతుంది, ఇసుక పరవడానికీ కుదరదు. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని రాశావు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆమె తాగింది ఆ పెరటి బోరు నీళ్లే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పరీక్ష కాగితం చేతికి వచ్చేదాకా ఆ బోరు నీళ్లు ఆమె చేత తాగించకు.

ఇట్లు
మీ మావయ్య