బడి కట్టిన సొమ్ము ఎవరిది?

ఊళ్ళో కొత్త బడి లేస్తుంది. గోడ మీద ఒక బోర్డు పెడతారు. పథకం పేరు ఉంటుంది. ఎన్ని లక్షలో ఉంటుంది. చదువు రానప్పుడు ఆ బోర్డు వట్టి రంగు పలక. ఇప్పుడు మనకు చదవటం వచ్చింది. ఆ బోర్డు కూడా మన పాఠమే.

ఆ సొమ్ము ఒక్కోసారి వేరే దేశం నుంచి వస్తుంది. ఎలా వస్తుంది? ఎవరి చేతుల మీదుగా వస్తుంది? మన బడి దాకా ఎంత చేరుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

సముద్రం దాటి వచ్చిన సొమ్ము

1980లలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం ఒకటి మొదలైంది. దాన్ని పొట్టిగా 'అపెప్' అన్నారు. దానికి బ్రిటన్ ప్రభుత్వం సాయం చేసింది. పంతుళ్ళకు శిక్షణ ఇచ్చారు. తరగతి గదులు కట్టారు. 1996తో ఆ పథకం ముగిసింది.

అదే 1996లో మన రాష్ట్రానికి మరో పథకం వచ్చింది. దాని పేరు జిల్లా ప్రాథమిక విద్యా పథకం. డి.పి.ఇ.పి. అంటే చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందు ఐదు జిల్లాల్లో పెట్టారు. అవి వరంగల్, కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం. వీటికి బ్రిటన్ సాయం అందింది. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో మరో 14 జిల్లాలకు పెంచారు. అందులో రంగారెడ్డి జిల్లా ఒకటి. హయత్‌నగర్, తుర్కయంజాల్ ఆ జిల్లాలోవే.

ఈ పథకంలో ప్రతి 100 రూపాయల్లో 85 రూపాయలు కేంద్రం ఇచ్చింది. మిగతా 15 రూపాయలు రాష్ట్రం పెట్టింది. కేంద్రం ఇచ్చిన దాంట్లోనే పరాయి దేశాల సొమ్ము కలిసి ఉంది.

దానమా? అప్పా?

తుర్కయంజాల్ లాంటి ఊళ్ళో బడి కడుతుంటే నలుగురు చేరతారు. వాళ్ళ మాటలు ఇలా ఉంటాయి.

"దొరల పైసలంట. దానమిచ్చిన ఆవుకు పండ్లు లెక్కపెడ్తరా?" అంటాడు ఒక పెద్దాయన.

"అంతా దానం కాదు పెద్దయ్యా. అండ్ల అప్పు కూడ ఉంది. అప్పు తీర్చేది మనమే" అంటుంది బడి కమిటీలో ఉన్న ఆమె.

"మనమెప్పుడు తీర్చినం బిడ్డా?"

"సబ్బు కొంటె పన్ను కడ్తలేమా? చెప్పులు కొంటె కడ్తలేమా? గా పన్నుల కెల్లే తీరుస్తరు. దానమే అనుకో. ఆ ఆవు పాలు తాగేది మన పిల్లలే గద. చూసుకోవద్దా?"

ఆమె మాట నిజం. తిరిగి ఇవ్వనక్కరలేని సొమ్మును గ్రాంటు అంటారు. తిరిగి కట్టవలసింది అప్పు. బ్రిటన్ ఇచ్చింది గ్రాంటు. ప్రపంచ బ్యాంకు ఇచ్చింది అప్పు. అప్పు తీరటానికి ఏళ్ళకు ఏళ్ళు పడుతుంది. గ్రాంటు అయినా, అప్పు అయినా మన పిల్లల పేరు మీదే వచ్చింది. లెక్క అడిగే హక్కు మనకు ఉంది.

కంట్రాక్టు దారి

బడి కట్టించే దారులు రెండు. ఒకటి కంట్రాక్టు. ఇంజనీరు అంచనా వేస్తాడు. టెండరు పిలుస్తారు. తక్కువ రేటుకు ఒప్పుకున్నవాళ్ళకు పని ఇస్తారు. జరిగిన పనిని ఇంజనీరు కొలిచి పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకాన్ని ఎం.బి. అంటారు. దాన్ని చూసి బిల్లు చెల్లిస్తారు.

పద్ధతి మంచిదే. చిక్కు ఎక్కడ వస్తుంది? పని తీసుకున్నవాడు దాన్ని మరొకరికి ఇస్తాడు. అతను ఇంకొకరికి ఇస్తాడు. లెక్క కోసం బడికి లక్ష రూపాయలు అనుకుందాం. మధ్యలో ముగ్గురు తలా పది వేలు మిగుల్చుకున్నారు. గోడకు, కప్పుకు మిగిలింది 70 వేలే. లక్ష రూపాయల బడి 70 వేల బడి అయింది. బోర్డు మీద మాత్రం లక్ష అనే ఉంటుంది.

వేరే దేశాల్లోనూ ఇలాంటి చిక్కులు వచ్చాయి. 2002 తరువాత అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సొమ్ముతో బడులు కట్టారు. పని పెద్ద కంపెనీల నుంచి చిన్న కంపెనీలకు చేతులు మారింది. అక్కడ చలికాలంలో మంచు బాగా పడుతుంది. కొన్ని బడుల కప్పులు ఆ మంచు బరువును మోయలేకపోయాయి. సొమ్ము ఇచ్చినవాళ్ళు దూరాన ఉన్నారు. బడిలో కూర్చునేవాళ్ళను ఎవరూ అడగలేదు.

కమిటీ దారి

రెండోది కమిటీ దారి. డి.పి.ఇ.పి.లో ఊరి కమిటీలే బడి కట్టించాలని పెట్టుకున్నారు. తల్లిదండ్రులు కమిటీలో ఉంటారు. 1998లో మన రాష్ట్రంలో బడి కమిటీల కోసం చట్టం కూడా వచ్చింది. సొమ్ము కమిటీ ఖాతాలో పడుతుంది. పునాది, గోడలు, స్లాబు, ఇలా పని నడిచిన కొద్దీ సొమ్ము వస్తుంది. 2001లో మొదలైన సర్వ శిక్షా అభియాన్‌లోనూ ఇదే దారి.

ఈ దారిలో మధ్యవాళ్ళు తగ్గుతారు. అయితే ఇక్కడా మోసానికి సందు ఉంది. కాగితం మీద కమిటీ, వెనకాల కంట్రాక్టరు ఉండవచ్చు. చదువు రాని అధ్యక్షురాలి చేత ఖాళీ చెక్కు మీద వేలిముద్ర వేయించవచ్చు. పంతులు పాఠం మానేసి సిమెంటు కోసం తిరగవలసి రావచ్చు. కాబట్టి కమిటీ ఉంటే చాలదు. కమిటీకి చదువు ఉండాలి. నోరు ఉండాలి.

ఇసుక చెప్పే లెక్క

ఇటుక గోడకు ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుక కలపాలని రాశారనుకోండి. 60 తట్టల ఇసుకకు 10 తట్టల సిమెంటు కావాలి. ఒకటికి పది కలిపితే 6 తట్టలే చాలు. నాలుగు తట్టల సిమెంటు మాయం! అది ఎవరి ఇంటికో పోయింది. గోడ మాత్రం పెళుసు అయింది.

"ఇసుక ఎక్కువ కలుపుమంటె నేనేం చేస్త అక్కా? కాదంటె రేపటి కూలి పోతది" అంటాడు మేస్త్రి.

"నీ బిడ్డ కూసునేది గా గదిలనే గద తమ్మీ?"

మేస్త్రి మాట్లాడడు. అతని కష్టం కూడా నిజమే. ఒక్కడు కాదంటే కూలి పోతుంది. ఊరంతా వచ్చి అడిగితే కూలి నిలుస్తుంది, గోడ కూడా నిలుస్తుంది.

ఇంకో రెండు సంగతులు చూడండి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. స్లాబు పోశాక నీళ్ళు కట్టాలి. మన ఎండలకు పది రోజులకు తగ్గకూడదు.

ఇప్పుడు సంగతి

పరాయి సాయం చాలావరకు తగ్గింది. 2003లో భారత ప్రభుత్వం చాలా దేశాల నుంచి చిన్న చిన్న సాయాలు వద్దంది. బ్రిటన్ 2015తో మన ప్రభుత్వానికి గ్రాంట్లు ఆపింది. తెలంగాణలో 2022లో 'మన ఊరు - మన బడి' వచ్చింది. 2024లో బడి పనులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. వాటిలో మహిళా సంఘాల వాళ్ళు ఉన్నారు. సంతకం ఇప్పుడు అమ్మల చేతికి వచ్చింది. చదవకుండా సంతకం పెట్టకూడదు.

లెక్క చూపకపోతే ఏం చేయాలి? 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్ల కాగితం మీద రాసి అడగవచ్చు. అంచనా కాగితం, ఎం.బి. నకలు ఇవ్వమని అడగండి. రుసుము పది రూపాయలకు మించదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మాటలు - అర్థాలు

గ్రాంటు: తిరిగి ఇవ్వనక్కరలేని సొమ్ము
అంచనా: పనికి ఎంత అవుతుందో ముందుగా వేసే లెక్క
ఎం.బి.: జరిగిన పని కొలతలు రాసే పుస్తకం

చెప్పండి

1. గ్రాంటుకూ అప్పుకూ తేడా ఏమిటి?
2. మేస్త్రి ఎందుకు మాట్లాడలేదు? మీరైతే ఏం చేస్తారు?

లెక్క చేయండి

ఒకటికి ఆరు చొప్పున 90 తట్టల ఇసుకకు ఎన్ని తట్టల సిమెంటు కావాలి? ఒకటికి తొమ్మిది కలిపితే ఎన్ని తట్టలు మాయమవుతాయి?

చేయండి

మీ ఊరి బడికి వెళ్ళండి. గోడ మీద బోర్డు చదవండి. పథకం పేరు, సంవత్సరం, సొమ్ము మీ నోటు పుస్తకంలో రాయండి. బోర్డు లేకపోతే ఎందుకు లేదో అడగండి.