పొలము నుండి వేలము వరకు: సరుకు రవాణాలో లెక్క

పంట పండించుట ఒక ఎత్తు. దానిని చెడకుండ మార్కెట్టుకు చేర్చుట ఒక ఎత్తు. రవాణా అనగానే మనకు లారీ కిరాయి మాత్రమే గుర్తుకు వచ్చును. కాని కోత, ఏరుట, క్రేట్లలో నింపుట, ఎక్కించుట, ప్రయాణము, దించుట, వేలము ఇవన్నియు ఒకే గొలుసులోని లంకెలు. వీటినన్నిటిని కలిపి లెక్కించి ఏర్పాటు చేయుటను ఇంజనీర్లు 'వ్యవస్థా విధానము' అందురు. దీనికి మనకు కాగితము, గడియారము చాలును.

2020 సెప్టెంబరు 9న అనంతపురము నుండి ఢిల్లీకి పండ్లు, కూరగాయలతో కిసాన్ రైలు బయలుదేరినది. సుమారు 2,150 కిలోమీటర్ల దూరమునకు 40 గంటలు పట్టునని అంచనా వేసిరి. అంత వేగముగా పోవు బండి ఉన్నను, కోసిన కాయలు తోటలో ఒక పగలు, స్టేషనులో ఒక రాత్రి పడియున్నచో, రైలు మిగిల్చిన కాలమును మనమే పోగొట్టుకొందుము.

ఇంకొక లెక్క చూడుడు. అయిదుగురు రైతులు తలా ఒక టన్ను టమాటాను వేరువేరు ట్రాలీ ఆటోలలో పంపుచున్నారనుకొందము. ఆటోకు రూ. 1,200 చొప్పున మొత్తము రూ. 6,000 అగును. అందరు కలిసి రూ. 3,500కు ఒకే లారీ మాట్లాడినచో రూ. 2,500 మిగులును. కాని పొలము పొలము తిరిగి ఎక్కించుటలో ఆలస్యమై, వేలము దాటి, కిలోకు ఒక రూపాయి ధర తగ్గినచో రూ. 5,000 నష్టము! కిరాయిలో లాభము, మొత్తములో నష్టము.

అట్లని కలిసి పంపుట మానరాదు. అందరును సరుకును చల్లని వేళ కోసి, రోడ్డు పక్కన నీడగల ఒకే చోటికి ముందుగా చేర్చినచో లారీ తిరుగవలసిన పని ఉండదు.

కావున ఇట్లు చేయుడు:

1. ముందు గురి నిర్ణయించుకొనుడు. టమాటాకు తాజాదనము, వేళ ముఖ్యము. ఎండిన వేరుశనగకు కిరాయి ముఖ్యము.

2. కోత మొదలు వేలము వరకు ప్రతి పనికి పట్టిన కాలమును, ఖర్చును వ్రాయుడు. ఎదురుచూచిన కాలమును తప్పక వ్రాయవలెను.

3. అన్నిటికంటె ఎక్కువ జాప్యము ఎచ్చట జరుగుచున్నదో గుర్తించి, మొదట దానినే సరిచేయుడు. లారీ కొరకు మూడు గంటలు కాచి, దారిలో పావుగంట మిగుల్చుకొన్నందువలన ఫలము లేదు.

4. ఒకసారి ఒక మార్పే చేసి, వారము దినములు లెక్క చూడుడు. చేతికి వచ్చిన నికర సొమ్మే తుది కొలత.

ఈ కోతకే లెక్క మొదలుపెట్టుడు. పొరుగు రైతుతో కలిసి వ్రాసినచో మరింత మేలు.