పాఠం 9: పచ్చికలో రాలిన కాయలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు సరుగుడు కాయకూ, పైన్ చెట్టు శంకువుకూ గల తేడాను గుర్తించగలుగుతారు. రాలిన కాయలను ఎలా ఏరాలో, ఏరినవాటిని ఏం చేయాలో చెప్పగలుగుతారు.

9.1 ఏ చెట్టు కాయలివి?

మీరు కోల్‌కతాలో ఒక బంగళా తోటలో మాలీగా కుదిరారనుకోండి. ఏప్రిల్ నెల. సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి ఈదురుగాలి వీచింది. అక్కడివారు దీన్ని కాలబైశాఖి అంటారు. తెల్లవారి చూస్తే పచ్చిక నిండా గోళీలంత గోధుమరంగు కాయలు. వట్టి కాళ్లతో నడిస్తే గుచ్చుకుంటున్నాయి. యజమాని "పోగుచేసి తగలబెట్టు" అన్నాడు. మీరేం చేస్తారు?

ముందు చెట్టును చూడండి. బెంగాలీలు 'ఝావు' అనే ఈ చెట్టు మన కోస్తా రైతులు పెంచే సరుగుడే. కొన్నిచోట్ల సర్వి అని కూడా అంటారు. కోల్‌కతాకు ఇది కొత్త కాదు. కవయిత్రి తోరూ దత్ (1856-1877) ఆ నగరంలోని బాగ్‌మారీ తోటలో తాను చూసిన సరుగుడు చెట్టు మీద ఇంగ్లీషులో ఒక పద్యం రాసింది. అది ఆమె మరణానంతరం 1882లో పుస్తకంలో వచ్చింది.

సరుగుడును చాలామంది పైన్ జాతి చెట్టనుకుంటారు. కాదు. సూదిలా కనిపించే దాన్ని ఒకటి తీసుకొని రెండు చివరలూ పట్టి లాగండి. కణుపు దగ్గర ఊడివస్తుంది. అంటే అది ఆకు కాదు, సన్నని కొమ్మ. కణుపు చుట్టూ పొలుసుల్లా ఉన్న ఏడెనిమిది చిన్న పళ్లే అసలు ఆకులు. సరుగుడు పూలు పూసే చెట్టు. మనం కాయ అనేది చాలా చిన్న కాయల గుత్తి.

నిజమైన శంకువు పైన్ చెట్టుకు కాస్తుంది. దాని గింజలు కాయలో దాగి ఉండవు, పొలుసుల మీద ఉంటాయి. హిమాలయ సానువుల్లోని చిర్ పైన్ శంకువు జానెడు దాకా పెరుగుతుంది. ఈ చెట్టు శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గై. ఆ పేరులోని విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలను పరిశీలించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నవాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధికారిగా వెళ్లాడు.

9.2 ఏరడం

గడ్డి కోసే యంత్రం నడిపే ముందే కాయలు ఏరాలి. యంత్రం రెక్క తగిలితే కాయ రాయిలా ఎగిరి కంటికి తగలవచ్చు. సరుగుడు కాయలు చిన్నవి కనుక గడ్డి మొదళ్లలో ఇరుక్కుంటాయి. పళ్లు దగ్గరగా ఉన్న దంతెతో ముందు నిలువుగా, తరువాత అడ్డంగా లాగండి. మిగిలినవాటిని ఈనెల చీపురుతో ఊడ్చండి. చెప్పులు వేసుకోండి. ఇది తేలిక పని అనుకునేవారు ఒక పూట వంగి చేసి చూడాలి!

రాలిన సూదులను కూడా వదలకండి. అవి మందంగా పేరుకుంటే అడుగున గడ్డికి వెలుతురు అందదు. పచ్చిక పలచబడితే "కాయల్లో విషముంది" అంటారు గాని, నీడా, ఈ పొరా చాలు దాన్ని చంపడానికి.

9.3 ఏరినవి ఏం చేయాలి?

తగలబెట్టవద్దు. చలికాలంలో కోల్‌కతా గాలి అసలే బరువుగా ఉంటుంది. పొగ ముందు తగిలేది మంట పక్కన నిలబడిన మీకే. పైగా, 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించింది. కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. ఈ మాట యజమానికి మెల్లగా చెప్పండి. "అయ్యా, జరిమానా పడుతుందట" అంటే సాధారణంగా వింటారు.

కాయలను కుండీల్లో మట్టి మీద పరిస్తే తేమ తొందరగా ఆరదు. అవి చెక్కలా గట్టివి కాబట్టి ఎరువు గుంటలో వేస్తే కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. వేయాలంటే నలగ్గొట్టి వేయండి.

గింజల సంగతి వేరు. నోరు తెరిచిన కాయలో గింజ చాలావరకు ఉండదు. రెక్క ఉన్న ఆ గింజ ఎప్పుడో గాలికి ఎగిరిపోయి ఉంటుంది. గాలివానకు రాలినవాటిలో నోరు తెరవని ముదురు కాయలుంటే విడిగా ఏరి, పల్చని గుడ్డ కప్పి ఎండబెట్టండి. కొద్ది రోజుల్లో గింజలు రాలతాయి. నారుమడిలో చల్లాక చీమల మీద కన్నేసి ఉంచండి. అవి ఈ గింజలను మోసుకుపోతాయి.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. సరుగుడు సూది ఆకు కాదని ఎలా తెలుసుకుంటారు?
2. గడ్డి కోసే ముందే కాయలు ఎందుకు ఏరాలి?
3. మీ ఊళ్లో సరుగుడు చెట్టు కింద పది కాయలు ఏరండి. వాటిలో ఎన్నింటికి నోరు తెరిచి ఉందో లెక్కపెట్టి మీ నోటు పుస్తకంలో రాయండి.